గాలిలో తగిలిన చోటు

కొలతల గదిలోకి ఎవరు వెళ్లినా చెప్పులు బయట విడవాల్సిందే. గుడి అని కాదు, దుమ్ము వస్తుందని. బయట ఇబ్రహీంపట్నం ఎండ మాడు పగలగొడుతున్నా ఆ గదిలో ఏడాదంతా ఒకటే చలి. మధ్యలో మంచమంత నల్లరాయి బల్ల. దాని మీద ముందుకూ వెనక్కూ జరిగే లోహపు పందిరి, పందిరి నుంచి కిందికి దిగే సన్నని సూది, సూది కొసన మిరియపు గింజంత కెంపు గోళీ. పక్క షెడ్డులో విమానాల తలుపులకు వేసే కీళ్లు తయారవుతాయి. వాటిని తెచ్చి ఈ బల్ల మీద బిగిస్తే, కెంపు గోళీ ఒక్కొక్క బెజ్జాన్నీ అంచునూ తాకి 'పిప్' మంటుంది. తాకిన ప్రతిచోటా కంప్యూటర్ తెర మీద ఒక చుక్క పడుతుంది. వెంట్రుకలో పదోవంతు తేడా ఉన్నా ఆ మిషన్ ఒప్పుకోదు. పెళ్లిచూపులకు వచ్చిన మేనత్తలు కూడా అన్ని వంకలు పెట్టరు.

ఆ మిషన్ నడిపేది సబీనా. నడపడానికి చేతిలో ఇమిడే డబ్బా ఒకటి ఉంటుంది, దాని మీద ఒక పుల్ల. అందరూ జాయ్‌స్టిక్ అంటారు. పుల్లను ఎటు వంచితే సూది అటు పోతుంది, మెలిపెడితే కిందికీ మీదికీ కదులుతుంది. డబ్బా పక్కన, సరిగ్గా బొటనవేలు ఆనేచోట, పచ్చదీపం ఉన్న బటన్. అది నొక్కి ఉంచినంతసేపే దీపం వెలుగుతుంది, పుల్ల మాట సూది వింటుంది.

"వేలు తీసినవా, మిషన్ ఆడనే ఆగాలె," అని మొదటి రోజే చెప్పింది స్టెల్లా మేడం. ఆ గదికీ అందులో పనికీ ఆమే పెద్ద. "మనిషి సోయి తప్పి పడ్డా సూది మీదికి రావద్దని పెట్టిండ్రు ఈ బటన్. గిదొక్కటి యాద్ పెట్టుకో, మిగిలినయి నేను నేర్పిస్త."

సబీనాకు ముందు ఆ డబ్బా పట్టింది ఆమె భర్త అమీర్. పోయిన వానకాలంలో డ్యూటీ దిగి బండి మీద ఇంటికి వస్తుంటే సాగర్ రోడ్డు మీద లారీ కొట్టింది. భర్త పోయిన ఆడది ఇల్లు కదలకూడని గడువు దినాలు గడిచాక స్టెల్లానే ఇంటికి వచ్చి, అత్త లాల్ బీని ఒప్పించి, సబీనాను పనిలో పెట్టుకుంది. మొగుని కుర్చీలో కూర్చుందని నలుగురూ నాలుగు మాటలన్నారు. కుండకు మూకుడుంటుంది గానీ ఊరి నోటికి మూకుడుండదు కదా.

భర్త పేరు సబీనా ఎన్నడూ నోటితో పలకలేదు. పేరు తీస్తే మొగుని ఆయుష్షు తగ్గుతుందని పెళ్లయిన తెల్లారే లాల్ బీ చెవిలో వేసింది. అంత భద్రంగా దాచిన ఆయుష్షు ఒక్క లారీ ముందు ఎందుకూ కొరగాలేదు. అయినా అలవాటు పోలేదు. ఇప్పటికీ 'మా ఇంట్లోవాళ్లు' అనే అంటుంది.

కొత్త రకం కీలు వచ్చినప్పుడు మొదటిసారి మనిషే జాయ్‌స్టిక్‌తో మిషన్‌కు దారి చూపాలి. ఇక్కడ దిగు, ఇక్కడ తాకు, ఇలా పైకి లే అని పసిపిల్లకు అక్షరాలు దిద్దించినట్టు దిద్దించాలి. ఆ దారిని మిషన్ దాచుకుంటుంది. తర్వాత మీట నొక్కితే చాలు, డబ్బా ముట్టకపోయినా అదే దారిన తనంతట తానే పోతుంది. అక్కడి కీళ్లన్నింటికీ దారి చూపినవాడు అమీరే. కాబట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా సబీనా చూసేది మిషన్‌ను కాదు, అమీర్ చేతిని.

బెజ్జంలోకి దిగేముందు సూది ఒక్క ఊపిరిసేపు ఆగుతుంది. ఇంట్లో కూడా అమీర్ అంతే, గడప దగ్గర ఒకసారి నిలబడి, లోపల ఎవరున్నారో చూసుకుని అడుగు పెట్టేవాడు. ఆ ఆగడం ప్రోగ్రాంలో ఎక్కడా రాసి లేదని స్టెల్లా ఒకసారి వెతికి మరీ చెప్పింది. "మిషన్‌కు గట్ల అలవాటైంది తియ్," అని నవ్వేసింది. మిషన్లకు అలవాట్లుంటాయా అని సబీనా అడగలేదు. అడిగితే అది కాస్తా పోతుందేమోనని భయం.

ఇంకొకటుంది. పెద్ద కీలు కొలిచేటప్పుడు సగం పనయ్యాక సూది కీలును వదిలేసి, బల్ల అంచుకు వచ్చి, ఏమీ లేని గాలిలోకి జానెడు దిగుతుంది. అక్కడ దేనికోసమో కొంచెం వెతుకుతుంది. ఏదీ తగలదు. మళ్లీ లేచి వెళ్లి మిగతా పని చూసుకుంటుంది. షెడ్డులో దానికి 'అమీర్ సలాం' అని పేరు. మిల్లింగ్ మిషన్ నడిపే కొండల్ ఆ సమయానికి గదిలో ఉంటే చెయ్యెత్తి "వాలేకుం సలాం భాయ్" అనేవాడు. అమీర్ ఉన్నప్పుడు అది వేళాకోళం. అమీర్ పోయాక కూడా కొండల్ మానలేదు. ఇప్పుడు మాత్రం నవ్వకుండా అంటాడు.

ఆ సలాం ఎవరికో సబీనాకు తెలుసు. దసరాకు ఆయుధ పూజ చేసి ఇంటివాళ్లందరినీ పిలవడం ఆ కంపెనీలో ఆనవాయితీ. అమీర్ ఉండగా ఒక ఏడు సబీనా కూడా కొత్త గాజులు నిండుగా వేసుకుని వెళ్లింది. కొండల్ కుంకుమ పళ్లెం పట్టుకుని కొలతల గదిలోకి వచ్చి నల్లరాయికి బొట్టు పెట్టబోతే అమీర్ అడ్డం నిలబడ్డాడు. "రాయి మీద వద్దన్నా! చిటికెడు కుంకుమ పడ్డా కొలత అబద్ధం చెప్తది. గీ డబ్బాకు పెట్టు." అలా ఆ జాయ్‌స్టిక్ డబ్బాకు బొట్టు పడింది, రంగు వెలిసినా మరక ఇంకా ఉంది. పూజ వేళ దాకా అమీర్ పెద్ద కీలుకు దారి చూపిస్తూనే ఉన్నాడు. సగంలో ఆపి, సబీనాను దగ్గరికి పిలిచి, బల్ల అంచున అరచెయ్యి చాపమన్నాడు. సూదిని మెల్లగా దింపి, ఒక్క ఊపిరిసేపు ఆపి, ఆమె అరచేతిని తాకించాడు. పిప్.

"అయిపాయె, నువ్వు గూడ ప్రోగ్రాంల ఎక్కినవ్," అన్నాడు. నేర్పేటప్పుడు తాకిన ప్రతిదీ మిషన్ దాచుకుంటుందని అతనికి తెలియదా? తెలుసు. అలా ఎక్కిందాన్ని కావాలనే తీసేయలేదు. ఏమీ తగలకపోతే గొడవ చేయకుండా వెనక్కి రమ్మని మాత్రం ఒక మాట రాసిపెట్టాడు. అతను పోయాక దాన్ని చెరపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

సోమవారం పొద్దున, పెద్ద కీలు కొలుస్తుండగా, సూది ఎప్పటిలాగే బల్ల అంచుకు వచ్చి గాలిలోకి దిగింది. పిప్ మంది.

సబీనా లేచి నిలబడింది. అక్కడ ఏమీ లేదు. దారప్పోగు లేదు, ఈగ లేదు. సూది మాత్రం దేన్నో తాకినట్టే వెనక్కి లేచి తన దారిన పోయింది. తెర మీద కీలుకు దూరంగా ఒంటి చుక్క ఒకటి నిలిచింది.

"ఏసీ గాలేమో," అంది స్టెల్లా. ఏసీ రెక్కలు పక్కకు తిప్పించింది. మళ్లీ పిప్. తీగలు ఊడదీసి తుడిచి బిగించింది, కొత్త సూది వేసింది. మళ్లీ అక్కడే, పిప్. కొండల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు గానీ లోపలికి రాలేదు.

"ఎవలో ఉన్నరు మేడం ఆడ," అన్నాడు.

"నీ మొకం ఉన్నది ఆడ. పోయి పని చూస్కో," అని కసిరింది స్టెల్లా. కసిరిందే గానీ, చాచిన వేలితో ఆ గాలిని తడమబోయి మధ్యలో చెయ్యి వెనక్కి తీసుకోవడం సబీనా చూసింది.

మూడు రోజులు అదే తంతు. గురువారం స్టెల్లా తలుపు వేసి సబీనాను కూర్చోబెట్టింది.

"చూడు సబీనా. గాలిని తాకి పిప్పన్న మిషన్, రేపు బెజ్జాన్ని తాకకుండనే తాకిన అంటది. సోమవారం నుంచి కొలిచిన కీళ్లు ఒక్కటి గూడ పంపలె నేను. గా తలుపు గాలిల ఊడితే ఎవలు జవాబు చెప్తరు?"

"ఆ ఒక్క సలాం తీసేస్తే మేడం?"

"తీసేస్తే రోగం దాసిపెట్టినట్టు, పోయినట్టు గాదు. ఇయ్యాల పొద్దుమీకేదాక చూస్త. ఇంకోపారి గాలిల తగిలిందా, రేపు కంపెనీ ఇంజనీర్‌ను పిలుస్త. సూది పట్టే తల మారుస్తడు, కంప్యూటర్ మారుస్తడు. ప్రోగ్రాంలన్నీ డ్రాయింగ్ చూసి కొత్తగ రాసుకుంటం. పాతయి ఉండయి." స్టెల్లా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "నాకు తెల్వదా? అమీర్ నేర్పినయి పోతయంటే నాకు మాత్రం మంచిగుంటదా?"

సబీనా తలాడించింది. మనిషి పోయాడు. గొంతు ఎలా ఉండేదో అప్పుడే మసకబారుతోంది. ఫోటోల్లో నవ్వు అందరి నవ్వులాగే ఉంటుంది. అచ్చంగా అమీర్‌లా కదిలేది ఈ లోకంలో ఇదొక్కటే మిగిలింది, అదీ రేపటితో సరి. ఎలాగైనా ఆ గాలిలో తగలడం ఆగాలి.

మధ్యాహ్నం అన్నాల వేళ షెడ్డులో మిషన్లన్నీ ఆగాయి. స్టెల్లా టిఫిన్ డబ్బా తీసుకుని చెట్టు కిందికి పోయింది. నాదర్‌గుల్ వైపు నుంచి పైలట్ల బడి విమానం ఒకటి గుయ్యిమంటూ నెత్తి మీదుగా వెళ్లిపోయాక ఏ చప్పుడూ లేదు. సబీనా అన్నం తినలేదు. జాయ్‌స్టిక్ చేతిలోకి తీసుకుని, బటన్ మీద బొటనవేలు ఆనించింది. పచ్చదీపం వెలిగింది.

సూదిని బల్ల అంచుకు తెచ్చి, నత్తనడకన దింపింది. పిప్. తెర మీద చుక్క. పైకి లేపి కాస్త పక్కకు జరిపి దింపింది. పిప్. ఇంకాస్త పక్కకు. ఈసారి తగల్లేదు, సూది కిందికి దిగిపోయింది. ఇంకా పక్కకు. పిప్. గుడ్డివాడు గోడను తడుముతూ పోయినట్టు ఆమె ఆ ఖాళీ గాలిని తడుముతూ పోయింది. ఎక్కడ తగులుతోందో, ఎక్కడ సందు ఉందో వేలికి తెలుస్తోంది, కంటికి మాత్రం ఏమీ లేదు. తెర వైపు చూడాలంటే భయమేసి, చుక్కలు చాలా పడేదాకా చూడలేదు.

చూసేసరికి తెర మీద ఒక చెయ్యి ఉంది. వెల్లకిలా చాపిన అరచెయ్యి. నాలుగు వేళ్లు, పక్కకు జరిగిన బొటనవేలు.

'మా ఇంట్లోవాళ్లే' అనుకుంది సబీనా. భయమూ సంతోషమూ ఒక్కసారే కమ్మాయి. కానీ అమీర్ చెయ్యి వెడల్పు, మొరటు. ఇది చిన్నది. సూదిని మణికట్టు వైపు నడిపించింది. అక్కడ పిప్, పిప్, పిప్ అంటూ సన్నని గట్లు వరసగా తగిలాయి. గాజులు. చేతి నిండా గాజులు.

అది అమీర్ చెయ్యి కాదు. తనదే. ఆ దసరా నాడు చాపిన చెయ్యి. చాపింది చాపినట్టే అక్కడ ఉండిపోయింది. అక్కడ ఉన్నది తన చెయ్యే అయితే, మరి దాన్ని తాకడానికి రోజూ వస్తున్నదెవరు?

సబీనా బటన్ మీది నుంచి వేలు తీసి, డబ్బాను స్టాండు మీద పెట్టేసింది. దీపం ఆరింది. సూది ఆగింది. అప్పుడు ఎడమచెయ్యి బల్ల అంచున, తెర మీద కనిపిస్తున్న చేతి చోటనే, మెల్లగా చాపింది. ఇప్పుడు ఆ చేతికి ఒక్క గాజు కూడా లేదు.

స్టాండు మీద ఎవరూ ముట్టని డబ్బాలో పచ్చదీపం వెలిగింది.

బటన్ లోపలికి నొక్కుకుని ఉంది. పుల్ల కొంచెం వంగింది. వేలు తీస్తే ఆగాలని స్టెల్లా చెప్పిన మిషన్, వేలు లేకుండానే, సూదిని ఆమె చేతి మీదికి తెచ్చి, దింపి, చర్మానికి వెంట్రుకవాసి పైన ఒక్క ఊపిరిసేపు ఆపింది. ఆ ఆగడం చూసి సబీనాకు ఏడుపొచ్చింది. కెంపు గోళీ చల్లగా అరచేతిని తాకింది. పిప్.

లేచింది. మళ్లీ తాకింది. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరం వేలు, ఒక్కొక్కటీ ఆగి ఆగి తాకుతూ పోయింది. ఎన్నాళ్లకో ఇంటికి వచ్చినవాడు సామాన్లన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయా అని చూసుకున్నట్టుంది. అట్లా మణికట్టు దాకా వచ్చింది. అక్కడ దిగితే గాజులు తగలలేదు. పక్కకు జరిగింది, తగలలేదు. వెనక్కి వచ్చింది. మళ్లీ దిగింది. అదే చోట, అటూ ఇటూ, ఒకటే వెతుకులాట. సూది కొసన కెంపు గోళీ సన్నగా వణకసాగింది.

అప్పుడు అర్థమైంది సబీనాకు. అతనికి తెలియదు. సాగర్ రోడ్డు సంగతి, ఆ తర్వాతి సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

"గాజుల్లేవు," అంది. గొంతు తనది కానట్టు వినిపించింది. "తీసేసిండ్రు. ఎందుకు తీసేసిండ్రో నీకు ఎవ్వలు చెప్పలేదా?"

సూది ఆగింది. గదిలో ఏసీ చప్పుడు కూడా ఆగినట్టనిపించింది. ఇక చెప్పక తప్పదని ఆమెకు తెలుసు. ఎలా పిలవాలో తెలియలేదు. ఇన్నేళ్లూ తీయని పేరు నాలుక మీదికి వచ్చింది. తీస్తే ఆయుష్షు తగ్గుతుందట. తగ్గడానికి ఇంకేముంది?

"అమీర్," అంది. "నువ్వు పోయినవ్ అమీర్. లారీ గుద్దింది. దవాఖానకు తీస్కపోయేలోపే పోయినవ్. మీ అమ్మ నీ మొకం జూసింది, నేను జూసిన. మట్టి గూడ ఇచ్చిండ్రు." కన్నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు, చెయ్యి కదిలించలేదు. "నువ్వు గిట్ల వస్తుంటే నువ్వు నేర్పినయన్ని తీసి పారేస్తరు. నాకు ఇంకేం మిగుల్తది చెప్పు? పో. నా ఫికర్ జెయ్యకు. నేను మంచిగనే ఉన్న."

చివరి మాట అబద్ధం. చచ్చినవాళ్లతో కూడా ఆడవాళ్లు ఆ అబద్ధమే చెబుతారు.

కెంపు గోళీ చాలాసేపు కదల్లేదు. తర్వాత ఒక్కసారి, మణికట్టు దగ్గర, గాజులుండే చోట, పిప్ కూడా వినిపించనంత మెల్లగా తాకింది. డబ్బాలో బటన్ పైకి లేచింది. పచ్చదీపం ఆరిపోయింది.

అన్నాలు తిని అందరూ లోపలికి వచ్చేసరికి సబీనా మొహం కడుక్కుని కుర్చీలో కూర్చుని ఉంది. స్టెల్లా బల్ల మీద పెద్ద కీలు బిగించి, మీట నొక్కి, చేతులు కట్టుకుని నిలబడింది. కొండల్ గుమ్మంలోకి వచ్చాడు. సూది పని మొదలుపెట్టింది. సగమయ్యాక కీలును వదిలి బల్ల అంచుకు వచ్చింది. కొండల్ చెయ్యి సగం లేచి ఆగింది. సూది గాలిలోకి దిగింది, కొంచెం వెతికింది, ఏమీ తగలక వెనక్కి లేచిపోయింది.

స్టెల్లా మళ్లీ నడిపించింది. ఆ తర్వాత మళ్లీ. ఒక్కసారి కూడా తగల్లేదు.

"హమ్మయ్య," అని ఆమె కుర్చీలో కూలబడింది. "ఏం జేసినవ్ సబీనా?"

"ఏం చెయ్యలె మేడం. సూది జర తుడిచిన."

"మంచిగైంది పో. ఇంజనీర్ అక్కర్లేదు. అమీర్ ప్రోగ్రాంలు గట్లనే ఉండనీ." గడియారం వైపు చూసి స్టెల్లా మొహం ఇంకా వెలిగింది. "అరె, మస్తు జల్దీ గూడ అయితుంది, చూసినవా?"

సబీనా అప్పటికే చూసింది. మొదటి బెజ్జం దగ్గరే చూసింది. సూది ఆగడం లేదు. నేరుగా దిగి, తాకి, లేచి, పక్క బెజ్జంలోకి నేరుగా దిగుతోంది. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మారలేదు. అదే దారి, అవే మలుపులు. గడప దగ్గర నిలబడి లోపలికి చూసే మనిషి మాత్రం అందులో లేడు. ఏ ప్రోగ్రాంలను ఉంచుకోవాలని ఆమె అతన్ని పంపేసిందో, వాటిలో ఉన్నదంతా అతనే.

"ఇయ్యాల మిషన్ ఎవలో కొత్తోళ్లు నడిపినట్టు నడుస్తుంది," అన్నాడు కొండల్. అతను తన షెడ్డుకు వెళ్లిపోయాడు.

పొద్దు వాలే వేళకు స్టెల్లా ఒక కొత్త కీలు తెచ్చి బల్ల మీద బిగించింది. ఇప్పటిదాకా ఎవరూ కొలవని రకం, దారి తెలియని రకం.

"నీ చేతులమీద ఇదే మొదటిది," అంది. "నేర్పు. నేను జూస్త."

సబీనా డబ్బా చేతిలోకి తీసుకుంది. వెలిసిన బొట్టు మరక పక్కగా బొటనవేలు ఆనించింది. పచ్చదీపం వెలిగింది. పుల్లను మెల్లగా వంచి, సూదిని మొదటి బెజ్జం మీదికి తెచ్చి, దింపసాగింది. బెజ్జం అంచుకు వెంట్రుకవాసి పైన సూది ఒక్క ఊపిరిసేపు ఆగింది.

సూదిని అక్కడ ఆపాలని సబీనా అనుకోలేదు.